బావకి మెలకువగా ఉంచి మెదడు ఆపరేషన్ అంటున్నారు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

బ్రాడీపేట 4/14:
నమస్తే అండీ. మాది గుంటూరు. మా బావకి 41 ఏళ్లు, మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తా. మూడు వారాల క్రితం కాటా దగ్గర టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క రాస్తూ రాస్తూ ఆగిపోయాడట. హమాలీలు పిలుస్తుంటే చూస్తున్నాడు కానీ మాట రావట్లేదు. కాసేపటికి కుడి చెయ్యి కొట్టుకోవడం మొదలై, ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఎండదెబ్బ అనుకుని మొహాన నీళ్లు కొట్టి ఆటోలో ఎక్కించుకొచ్చారు.

ఎమ్మారై తీస్తే ఎడమవైపు ముందు భాగంలో నాలుగు సెంటీమీటర్ల గడ్డ, మాట పుట్టే చోటుకి ఆనుకుని ఉందట. 'లో గ్రేడ్ గ్లయోమా కావచ్చు' అని రిపోర్టులో రాశారు, అంటే మెల్లగా పెరిగే రకం మెదడు గడ్డట. కొత్తపేటలో చూపిస్తే, 'ఇప్పుడు కదిలించొద్దు, ఫిట్స్ మాత్రలు వాడుతూ ఆరు నెలలకి మళ్లీ స్కాన్ తీద్దాం' అన్నారు. విజయవాడ సూర్యారావుపేటలో ఇంకో డాక్టర్ గారేమో, 'ఆగొద్దు, మెలకువగా ఉంచి తీసేద్దాం' అన్నారు. ముప్పై కిలోమీటర్ల దూరంలో రెండు మాటలు! అక్క రాత్రుళ్లు నిద్రపోవట్లేదు. మెలకువగా ఉంచి పుర్రె తెరవడమేంటి? ఎవరికైనా అనుభవం ఉందా?

పటమట కుర్రోడు:
టెన్షన్ పడకు అన్నా. మన గుంటూరులోనే 2017లో, మళ్లీ 2020లో, పేషంట్ సినిమా చూస్తుండగా మెదడు ఆపరేషన్ చేశారని పేపర్లో వచ్చింది గుర్తులేదా? మా ఇంట్లో అప్పుడు వారం రోజులు అదే టాపిక్.

సత్యనారాయణపురం పద్మ:
అది పురుగు గడ్డ అయి ఉంటుంది బాబూ. మా ఆడపడుచు కొడుక్కి ఇలాగే ఫిట్స్ వచ్చి స్కాన్‌లో గడ్డ కనిపిస్తే, అందరూ క్యాన్సర్ అని ఏడ్చాం. మందులకే కరిగిపోయింది. ఇంకో చోట కూడా చూపించండి, తొందరపడొద్దు.

గోంగూర పచ్చడి:
మా ఊళ్లో ఆకు పసరు ముక్కులో వేస్తారు. గడ్డ ఎంతదైనా చీమిడితో పాటు బయటికొచ్చేస్తుంది. నంబర్ కావాలంటే మెసేజ్ పెట్టండి.

మోడరేటర్:
పసరు వైద్యుల నంబర్లు ఇక్కడ పంచుకోవడానికి వీల్లేదు. ఇంకోసారి పెడితే ఖాతా ఆపేస్తాం.

న్యూరో పీజీ:
నేను న్యూరోసర్జరీలో రెసిడెంట్‌ని, వేరే రాష్ట్రంలో పనిచేస్తున్నా. మాది గుడివాడ. స్కాన్ చూడకుండా సలహా ఇవ్వను. మీరు డాక్టర్‌ని ఏం అడగాలో తెలియడానికి కొంచెం రాస్తాను.

ముందు పద్మగారి మాట. మన దేశంలో అది కొట్టిపారేసేది కాదు. ఫిట్స్‌తో వచ్చి స్కాన్‌లో ఒక్క గడ్డ కనిపిస్తే అది బద్దెపురుగు తిత్తో, టీబీ గడ్డో అయ్యే అవకాశం ఇక్కడ బాగా ఉంది. దీన్ని తేల్చుకోవడానికి వెల్లూరు సీఎంసీ డాక్టర్లు కొన్ని గుర్తులు పెట్టారు. గడ్డ 20 మిల్లీమీటర్లలోపు ఉండాలి, మందు ఎక్కించి స్కాన్ తీస్తే ఉంగరంలా వెలగాలి, మెదడును పక్కకి నెట్టకూడదు. ఇలాంటివి సరిపోతే పుర్రె తెరవకుండా మందులతోనే చూస్తారు. అవి రాకముందు ఎంతమందికి అనవసరంగా ఆపరేషన్ అయ్యేదో. కానీ మీ బావగారిది నాలుగు సెంటీమీటర్లు. రిపోర్టులో 'ఎన్‌హాన్స్‌మెంట్ లేదు' అని, అంటే మందు ఎక్కించినా గడ్డ వెలగలేదని, ఉందా? ఉంటే ఇది ఆ కోవలోది కాకపోవచ్చు.

ఇక మెలకువ సంగతి. మెదడుకి నొప్పి తెలియదు. నొప్పంతా తల చర్మంలో, మెదడు మీద ఉండే పొరలో. అక్కడ మత్తు ఇంజెక్షన్లు ఇస్తారు. చాలాచోట్ల ముందు నిద్రపుచ్చి పుర్రె తెరుస్తారు, తర్వాత లేపుతారు, పని అయ్యాక మళ్లీ నిద్రపుచ్చుతారు. లేపాక సర్జన్ ఒక చిన్న కడ్డీతో మెదడు మీద సన్నగా కరెంటు పెడతాడు. ఆ క్షణంలో పేషంట్ మాట ఆగితే ఆ చోటు ముట్టుకోకూడదని అర్థం. అక్కడ నంబరు రాసిన చిన్న కాగితం ముక్క పెట్టి పక్కకి జరుగుతారు. మాట ఎక్కడుంటుందో పుస్తకంలో బొమ్మ ఉంటుంది కానీ మనిషి మనిషికీ అది కొంచెం జరిగి ఉంటుంది. అందుకే ఇంత తతంగం.

బ్రాడీపేట 4/14:
చాలా థాంక్స్ అండీ. రిపోర్టు మళ్లీ చూశాను, ఎన్‌హాన్స్‌మెంట్ లేదనే ఉంది. మరి కరెంటు పెడితే అక్కడే ఫిట్స్ వస్తే?

న్యూరో పీజీ:
రావచ్చు. వస్తే మెదడు మీద చల్లటి సెలైన్ పోస్తారు, చాలావరకు దాంతోనే ఆగుతుంది. ఫ్రిజ్‌లో సీసాలు ముందే పెట్టుకునే మొదలుపెడతాం.

లాభం ఎంత అంటారా? 2012లో 90 పేపర్లలోని 8,091 మంది ఫలితాలు కలిపి చూశారు. ఇలా కరెంటుతో వెతుక్కుంటూ చేసినవాళ్లలో తర్వాత కూడా మిగిలిపోయిన తీవ్రమైన లోపం 3.4 శాతం. అలా కాకుండా చేసినవాళ్లలో 8.2 శాతం. పైగా గడ్డ మొత్తం తీయగలిగింది కూడా మొదటివాళ్లలోనే ఎక్కువ. అంతకు ముందు 2008లో అమెరికాలో 250 మందికి మాట చోట్లు వెతికి చేస్తే, ఆరు నెలల తర్వాత కూడా మాట లోపం మిగిలింది 1.6 శాతం మందికే.

లెక్కల మాస్టారు:
డాక్టర్ గారూ, ఒక్క మాట. నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఆ 8,091 మందినీ చీటీలు వేసి రెండు గుంపులు చేయలేదు కదా? ఆ సదుపాయం పెద్ద ఆసుపత్రుల్లో ఉంటుంది, అక్కడ చెయ్యి తిరిగిన సర్జన్లుంటారు. తగ్గింది కరెంటు కడ్డీ వల్లా, దాన్ని పట్టుకున్న చేతి వల్లా?

న్యూరో పీజీ:
మంచి ప్రశ్న మాస్టారూ. చీటీలు వేసింది చాలా తక్కువ. మన దేశంలోనే ఒకటి జరిగింది, ఢిల్లీ ఎయిమ్స్‌లో. 2007లో అచ్చయింది, 53 మంది. అందులో మెలకువ ఆపరేషనే మేలని తేలలేదు! చిన్న పరీక్ష కాబట్టి దానితో తీర్పు చెప్పలేం. కానీ మా సీనియర్లు ఎవరైనా 'మెలకువే గొప్ప' అని ఊదరగొడితే నేను దాన్ని గుర్తుచేస్తుంటా. తిట్లు తింటుంటా.

పటమట కుర్రోడు:
ఇదేంటి, ఇప్పుడు చేయించుకోవాలా వద్దా? బుర్ర తిరుగుతోంది.

లెక్కల మాస్టారు:
తిరగనీ నాయనా. వైద్యంలో 'తేలింది' అనే మాట ఎవరన్నా ఎలా తేలిందని అడగాలి. అయితే 4/14 గారి అసలు ప్రశ్న వేరు. ఆగాలా, తీసేయాలా? దాని మీద నార్వేలో జరిగిన సంగతొకటి చదివాను. నాకు భలే నచ్చింది.

మన దగ్గర డాక్టర్‌ని మనమే ఎంచుకుంటాం కదా. డబ్బున్నవాడు ఒకచోటికి, లేనివాడు ఇంకోచోటికి. అందుకే రెండు ఆసుపత్రుల ఫలితాలు పోలిస్తే ఏమీ తేలదు. నార్వేలో అలా కాదు. ఇల్లు ఏ ప్రాంతంలో ఉంటే ఆ ఆసుపత్రికే వెళ్లాలి. అక్కడ ట్రోమ్సోలో డాక్టర్లు ఇలాంటి గడ్డలకి చిన్న ముక్క తీసి పరీక్ష చేసి, కనిపెట్టుకుని ఉండేవాళ్లు. ట్రాన్‌హైమ్‌లో వెంటనే తీసేసేవాళ్లు. అంటే అడ్రసే చీటీ వేసినట్టయింది! మొత్తం 153 మంది. 2012లో మొదటి ఫలితాలొచ్చాయి, 2017లో మళ్లీ చూశారు. కనిపెట్టుకుని ఉన్న ఊరివాళ్లలో సగం మంది బతికింది 5.8 ఏళ్లు. ముందే తీసేసిన ఊరివాళ్లలో 14.4 ఏళ్లు.

కృష్ణకి ఇవతల ఒక మాట, అవతల ఒక మాట అన్నారు కదా మీ డాక్టర్లు. అచ్చం అదే కథ.

బ్రాడీపేట 4/14:
మాస్టారూ, ఇది అక్కకి చదివి వినిపించాను. '5.8 ఏళ్లు' దగ్గర లేచి వెళ్లిపోయింది. నేను అలా చదవకుండా ఉండాల్సింది.

లెక్కల మాస్టారు:
తప్పు నాది నాయనా. సగం మంది అంతకంటే ఎక్కువే బతికారని ఆ వాక్యంలోనే చెప్పి ఉండాల్సింది. అమ్మాయికి నా తరఫున చెప్పు. ఆ సంఖ్య మీ బావకి ఎవరో రాసిపెట్టిన గడువు కాదు.

తెనాలి ఎక్స్‌ప్రెస్:
మా నాన్నకి ఇలాగే మెదడు గడ్డ. డాక్టర్ 'పద్నాలుగు నెలలు' అన్నారు, అలాగే అయింది. ఆపరేషన్లు, రేడియేషన్లు అంతా డబ్బు దండగ. బాధగా ఉన్నా నిజం చెబుతున్నా.

న్యూరో పీజీ:
మీ నాన్నగారి విషయం బాధాకరం అండీ. ఆయనది గ్లయోబ్లాస్టోమా అయి ఉంటుంది. అది ఇదే ఇంటిపేరున్న మహా మొండి జబ్బు, ఈ చర్చలో అడిగింది దాని గురించి కాదు. ఆ 'పద్నాలుగు' కూడా 2005లో వచ్చిన ఒక పెద్ద పరీక్షలోది. 573 మందిలో కొందరికి రేడియేషన్ ఒక్కటే, కొందరికి దానితో పాటు టెమోజోలమైడ్ అనే కీమో క్యాప్సూల్ ఇచ్చారు. మధ్యస్థం, అంటే సగం మంది దాటిన కాలం, 12.1 నెలల నుంచి 14.6కి జరిగింది. వింటే 'రెండున్నర నెలలకా ఇంత గోల' అనిపిస్తుంది. కానీ రెండేళ్లు దాటినవాళ్లు 10.4 శాతం నుంచి 26.5 శాతం అయ్యారు. ఓపీలో ఒక్క మధ్యస్థం చెప్పి పంపేస్తాం, ఈ రెండో వాక్యం చెప్పడానికి టైముండదు. మా వైపు తప్పే అది.

రెండో ఇన్నింగ్స్:
ఇన్నాళ్లు చదవడమే తప్ప రాయలేదు. ఈ చర్చ చూసి ఆగలేకపోయా. నాకు నాలుగేళ్ల క్రితం ఇదే ఆపరేషన్ అయింది, వేరే రాష్ట్రంలో. నేను విజయవాడలో స్కూల్లో సోషల్ చెబుతాను.

తలని బిగించిన క్లాంప్ ఒత్తిడి, పడుకున్న పక్క వైపు భుజం నొప్పి, ఇవి గుర్తున్నాయి. డ్రిల్ అప్పుడు నిద్రలో ఉన్నాను కాబట్టి వినలేదు. లేపాక ఆకుపచ్చ గుడ్డ గుడారంలా కట్టి ఉంది, అందులోంచి మత్తు డాక్టరమ్మ మొహం ఒక్కటే కనిపించేది. నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఒకటి నుంచి ఇరవై లెక్కపెట్టమంది. ఎనిమిది దాకా వచ్చి ఆగిపోయా. తొమ్మిదని తెలుసు. నాలుక కదలదు. రెండు మూడు సెకన్లు ఉంటుందేమో. 'పర్లేదు, మేమే ఆపాం' అంది. ఆ మాట వినేదాకా నా ప్రాణం నాలో లేదు.

లేచిన రెండో రోజు నుంచి మాట బాగా తగ్గింది. ఇంట్లో అందరూ పోయిందనుకున్నారు. వాపు వల్ల అలా అవుతుందని ముందే చెప్పి ఉంటే అంత ఏడ్చేవాళ్లం కాదు. ఆరు వారాలకి క్లాసుకి వెళ్లాను. ఇప్పటికీ అలసిపోతే పేర్లు వెతుక్కుంటాను. పిల్లలు అందిస్తారు, వాళ్లకదో ఆట.

ఒక్క జాగ్రత్త చెబుతా. తీసిన గడ్డని మైనంలో పెట్టిన బ్లాకులు ఉంటాయి, అవి అడిగి తీసుకోండి. తర్వాత జన్యు పరీక్షకి అవే కావాలి. మాకు అవి ఇవ్వడానికి పదిహేను రోజులు తిప్పారు. ఒకసారి రికార్డ్స్ రూములో లేవన్నారు, ఒకసారి సంతకం పెట్టే ఆయన సెలవన్నారు. మా ఆయన మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్లి అక్కడే బెంచీ మీద కూర్చుంటే అప్పుడు దొరికాయి.

న్యూరో పీజీ:
బ్లాకుల మాట బంగారం. 2016 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ గడ్డల పేర్లు మైక్రోస్కోపుతో మాత్రమే పెట్టడం మానేసింది. ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు ఉందా, 1పి, 19క్యూ అనే క్రోమోజోమ్ ముక్కలు రెండూ పోయాయా అన్నది చూసే పేరు. మందు కూడా ఆ పేరుని బట్టే.

పటమట కుర్రోడు:
ఐడీహెచ్ అంటే గుర్తొచ్చింది. వొరాసిడెనిబ్ అని అమెరికాలో కొత్త మాత్ర వచ్చిందట. అదేసుకుంటే ఆపరేషనే అక్కర్లేదంట కదా, వీడియోలో చెప్పాడు.

న్యూరో పీజీ:
వీడియోలో తప్పు చెప్పాడు. ఆ పరీక్షలో చేరిన 331 మందికీ ముందే ఆపరేషన్ అయింది. దాని తర్వాత, ఇంకా రేడియేషన్, కీమో ఇవ్వనివాళ్లకి మాత్ర ఇచ్చి చూశారు. గడ్డ మళ్లీ పెరగకుండా ఉన్న కాలం మాత్ర వేసుకున్నవాళ్లలో 27.7 నెలలు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 11.1 నెలలు. 2023లో వచ్చింది, 2024 ఆగస్టులో అమెరికా అనుమతిచ్చింది. అది పెరుగుదల ఆగిన లెక్కే, ఆయుష్షు లెక్క కాదు. అయినా ఈ జబ్బులో చాలా ఏళ్లకి వచ్చిన మంచి వార్తే.

సత్యనారాయణపురం పద్మ:
ఉత్తుత్తి మాత్ర ఇవ్వడమేంటి బాబూ, జబ్బు మనిషిని మోసం చేయడం కాదూ?

లెక్కల మాస్టారు:
చెప్పకుండా ఇస్తే మోసమేనమ్మా. చెప్పి, సంతకం తీసుకుని ఇస్తారు. పైగా ఆ పరీక్షలో గడ్డ పెరిగినట్టు తేలితే ఉత్తుత్తి మాత్రవాళ్లని అసలు మందుకి మార్చే వీలుంది. మన దేశంలో ఎవరైనా 'ట్రయల్‌లో చేరండి' అంటే మొదట సీటీఆర్ఐ (దేశంలో ట్రయల్స్ నమోదు చేసే జాబితా) నంబరు అడగండి. 2009 జూన్ నుంచి ప్రతి ట్రయల్ అందులో నమోదు కావాల్సిందే, ఎవరైనా వెబ్‌సైట్లో వెతికి చూసుకోవచ్చు. ఒప్పంద పత్రం మనకి అర్థమయ్యే భాషలో ఉండాలి. 2019 నిబంధనల ప్రకారం, ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలి, పరిహారం కూడా ఇవ్వాలి. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు బయటికి రావచ్చు.

బ్రాడీపేట 4/14:
అందరికీ నమస్కారం. అప్‌డేట్. సూర్యారావుపేట డాక్టర్ గారి దగ్గరికి ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాం. ఆయన విసుక్కోలేదు. మాస్టారు చెప్పిన నార్వే సంగతి అడిగితే నవ్వి, 'నేను ట్రాన్‌హైమ్ పార్టీ' అన్నారు. కొత్తపేట డాక్టర్ గారికి కూడా ఫోన్ చేసి మాట్లాడారు, ఆయన కూడా సరేనన్నారు. చేయిద్దామని నిర్ణయించుకున్నాం.

నిన్న స్పీచ్ థెరపిస్ట్ అమ్మాయి వచ్చి బావకి బొమ్మల పుస్తకం చూపించింది. ఏ బొమ్మ చూపించినా 'ఇది ఫలానా' అని చెప్పాలి. కుర్చీ, గొడుగు, ఏనుగు గబగబా చెప్పాడు. తర్వాత ఏదో విదేశీ జంతువు, నీళ్లలో కట్టెలు పేర్చుకుంటోంది. బావ తడుముకోకుండా 'ఇది పందికొక్కు' అన్నాడు. ఆ అమ్మాయి నవ్వాపుకోలేక ఆ బొమ్మ తీసేసింది. ఇప్పుడు సరిగా చెప్పలేనివన్నీ తీసేయాలట, లేకపోతే ఆపరేషన్ అప్పుడు తప్పు చెబితే కరెంటు వల్లో తెలియక పోవడం వల్లో తెలీదట. వాటి బదులు మా ఫోన్లో ఫొటోలు తీసి ఇచ్చాం. కాటా, గోనెసంచి, రోకలి, తాటాకు విసనకర్ర.

ఒక సందేహం. బావ ఉత్తరాది వ్యాపారులతో రోజంతా ఫోన్లో హిందీలోనే బేరాలు మాట్లాడతాడు. అది కూడా చూడమని అడగాలా?

న్యూరో పీజీ:
తప్పకుండా అడగండి! రెండు భాషలవాళ్లలో రెండింటి చోట్లూ పూర్తిగా ఒకటి కావని 1978 నుంచే తెలుసు. ఆయన బతుకుతెరువు ఆ హిందీ మీద ఉందని సర్జన్‌కి తెలియాలి. రిపోర్టులో అది ఉండదు.

బ్రాడీపేట 4/14:
ఆపరేషన్ అయింది. ఐదు గంటలు పట్టింది. నిన్న ఐసీయూలోంచి వార్డుకి తెచ్చారు.

హిందీ సంగతి అడగడం మంచిదైంది. ఒక చోట కరెంటు పెడితే తెలుగు అంకెలు ఇరవై దాకా సాఫీగా చెప్పాడట, హిందీలో 'సాత్' దగ్గర ఆగిపోయాడట. మూడుసార్లు చూశారు, మూడుసార్లూ అదే. ఇంకో చోట కాటా ఫొటో చూపిస్తే 'ఇది... ఇది...' అంటూ ఉండిపోయాడట. ఇరవై ఏళ్లుగా రోజూ చూసే కాటా! ఆ రెండు చోట్లా కొంచెం గడ్డ వదిలేశారు. తొంభై శాతం దాకా తీశామన్నారు, రేపు మళ్లీ ఎమ్మారై. మిగిలింది ఉందంటే దిగులే కానీ, వదిలింది ఎందుకో తెలుసు కదా.

ఇవాళ మాట బాగా తక్కువగా ఉంది. రెండో ఇన్నింగ్స్ మేడమ్ గారు ముందే చెప్పారు కాబట్టి అక్క భయపడలేదు. ఆవిడ పోస్టు ప్రింట్ తీయించుకుని పర్సులో పెట్టుకుంది.

రెండో ఇన్నింగ్స్:
అక్కకి చెప్పండి, తొందరపెట్టి మాట్లాడించొద్దని. నాకు ముందు పాటలు వచ్చాయి, తర్వాత మాటలు.

బ్రాడీపేట 4/14:
ఐదు వారాలైంది. రిపోర్టు వచ్చింది. ఐడీహెచ్ మార్పు ఉంది, 1పి, 19క్యూ రెండూ పోయాయి. ఒలిగోడెండ్రోగ్లయోమా, గ్రేడ్ 2. ఈ రకం మందులకి బాగా లొంగుతుందన్నారు. రేడియేషన్ ఎప్పుడనేది వచ్చే వారం చెబుతారు. బ్లాకులు మొదటి రోజే అడిగి తెచ్చుకున్నాం, బీరువాలో నగల పక్కన పెట్టింది అక్క.

తెలుగు దాదాపు వచ్చేసింది. హిందీ నెమ్మది. కానీ కొత్త సమస్య. బావకి ప్రతిదానికీ కోపం. నిన్న మంచం కోడు తగిలిందని మంచాన్ని తిట్టాడు. ఆపరేషన్‌లో ఏమైనా తేడా వచ్చిందా?

న్యూరో పీజీ:
ఫిట్స్‌కి లెవెటిరాసిటమ్ వాడుతున్నారా? అది కొందరికి విపరీతమైన చిరాకు తెస్తుంది. చాలా ఇళ్లలో దాన్ని మనిషి స్వభావం మారిపోయిందనుకుంటారు. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు, ఆపితే ఫిట్స్ వస్తాయి. డాక్టర్‌కి చెప్పండి, మారుస్తారు. వాపు తగ్గడానికి ఇచ్చే డెక్సామెథసోన్ కూడా ఇంకా నడుస్తుంటే షుగర్ చూపించండి.

బ్రాడీపేట 4/14:
అదే మాత్ర అండీ. డాక్టర్ గారు మార్చారు. షుగర్ కూడా కొంచెం పెరిగిందన్నారు, కాఫీలో చక్కెర మానేయమన్నారు.

పది రోజులైంది, మంచం జోలికి పోవట్లేదు. ఈ ఉదయం మాత్రం కాఫీ ఒక గుక్క తాగి గ్లాసు టక్కున కింద పెట్టి, 'ఇది కాఫీయా, కషాయమా' అని అరిచాడు. నేను కంగారుపడి అక్క వైపు చూశాను. 'ఇది మాత్ర కాదులేరా, మీ బావే' అంది.